మిరప నారు కుళ్లకుండా సూడోమోనాస్ ఎలా వాడాలి?

నారుమడిలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి, నేలకు తాకిన చోటే వాలిపోతున్నాయా? అది నారుకుళ్లు, మట్టిలోని శిలీంధ్రాల పని. మందు డబ్బా అందుకునే ముందు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ సంగతి తెలుసుకోండి.

ఈ బాక్టీరియా వేళ్ల నుంచి ఊరే చక్కెరలు తింటూ అక్కడే కాపురం పెడుతుంది, గుంపు బాగా పెరిగాక శిలీంధ్రాలను చంపే పదార్థాలు వదులుతుంది. వాటిలో ఒకటి పైరోల్‌నైట్రిన్, దాన్ని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకుంటుంది. ఇది పత్తి మొలకలను చంపే రైజోక్టోనియా అనే శిలీంధ్రాన్ని అడ్డుకుంటుందని 1979లోనే చూపించారు. ఇప్పుడు వాడే ఫ్లూడియాక్సోనిల్ అనే శిలీంధ్రాల మందుకు నమూనా కూడా ఈ పదార్థమే! అది చాలదన్నట్టు, ఈ బాక్టీరియా చుట్టుపక్కల ఇనుమునంతా లాగేసుకుని శిలీంధ్రాన్ని పస్తు పెడుతుంది.

వాడటం తేలికే. 100 గ్రాముల విత్తనానికి 1 గ్రాము సూడోమోనాస్ పొడి తీసుకుని, నాలుగు చుక్కల నీళ్లతో జావలా కలిపి, ప్రతి గింజకూ పల్చటి తెల్లటి పూత పట్టేలా చేత్తో మెల్లగా దొర్లించండి. నీడలోనే ఆరబెట్టి వెంటనే విత్తేయండి, ఎండ తగిలితే బాక్టీరియా చచ్చిపోతుంది.

కొనేటప్పుడు గడువు తేదీ తప్పకుండా చూడండి, ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణమున్న సరుకు. రాగి మందులతో, బాక్టీరియాను చంపే స్ట్రెప్టోమైసిన్‌తో మాత్రం అస్సలు కలపొద్దు. మడిలో నీళ్లు నిలబడితే ఏ బాక్టీరియా కాపాడలేదు, కాబట్టి మడి ఎత్తుగా కట్టుకోండి, విత్తనం పల్చగా చల్లండి.