చవగ్గా విమాన టికెట్: మూడో పాఠం – తేదీ, ఊరు, తలలు

గత పాఠంలో నెల మొత్తం రేట్లు ఒకేసారి చూడటం నేర్చుకున్నాం. ఈసారి లెక్క కాస్త కష్టం: బెంగళూరు నుంచి భీమవరానికి సంక్రాంతి ప్రయాణం, ఇంటిల్లిపాదీ నలుగురు.

ముందు తేదీ. భోగికి ముందు రెండు మూడు రోజులు, పండగయ్యాక వచ్చే ఆదివారం అందరికీ కావాలి. ఆ రోజులు పట్టుకుని కూర్చుంటే ఏ యాప్ వెతికినా రేటు దిగదు. గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ తెరవండి. వెళ్లే తేదీలు ఒకవైపు, తిరుగు తేదీలు ఇంకోవైపు ఉంటాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ గడి మాత్రం తప్పకుండా చూడండి. పెద్దవాళ్లను ఒప్పించే పని మీది.

తర్వాత ఊరు. భీమవరానికి అటు రాజమండ్రి, ఇటు గన్నవరం. గమ్యం దగ్గర రెండూ ఇవ్వొచ్చు. దిగడం ఒకచోట, తిరిగి ఎక్కడం ఇంకోచోట అయినా ఇబ్బంది లేదు. దేశంలో తిరిగే విమానాలకు మామూలుగా రాను, పోను రేట్లు విడివిడిగానే ఉంటాయి. క్యాబ్ ఖర్చు మాత్రం కలుపుకోండి.

ఇక చాలామంది పట్టించుకోని సంగతి. ఒకే విమానంలో ఎకానమీ సీట్లను కూడా కొన్ని కొన్ని చొప్పున వేర్వేరు రేట్లకు అమ్ముతారు. రూ.4,200 రేటులో రెండే సీట్లు మిగిలాయి, దాని పై రేటు రూ.6,100 అనుకుందాం. నలుగురికి కలిపి వెతికితే సాధారణంగా నాలుగు సీట్లూ పై రేటుకే చూపిస్తుంది: రూ.24,400. ఇద్దరిద్దరుగా కొంటే రూ.20,600. అంటే రూ.3,800 మిగులు, పండక్కి ఒక చీర వస్తుంది.

అందుకే ముందు ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. తలసరి రేటు ఎక్కడ ఎగిరిందో అక్కడ విడగొట్టండి. కానీ అప్పుడు పీఎన్‌ఆర్‌లు రెండవుతాయి. విమానం రద్దయితే రెండు జట్లకీ ఒకే విమానంలో చోటిస్తారన్న గ్యారంటీ లేదు. కాబట్టి ప్రతి పీఎన్‌ఆర్‌లోనూ ఒక పెద్ద, ఒక పిల్ల ఉండేలా చూసుకోండి. తేడా రెండు మూడొందలే అయితే ఈ టెన్షన్ అక్కర్లేదు, కలిపే కొనేయండి.

అభ్యాసం: మీ ఊరికి దగ్గరున్న రెండు విమానాశ్రయాలు తీసుకుని, ఒకే తేదీకి ఒకరికి, నలుగురికి తలసరి రేటు రాసుకోండి. ఆ కాగితం దాచండి. వచ్చే పాఠంలో కనెక్టింగ్ విమానాల లెక్క దాంతోనే చేస్తాం.