మాట వెతుకులాట – 3వ భాగం: మన సైట్లకు మనమే షార్ట్‌కట్లు పెట్టుకోవడం

గత భాగంలో గూగుల్‌లో కోట్ గుర్తులు, సైట్ ఆపరేటర్ (ఇంగ్లీషులో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, సైటు పేరు ఇస్తే ఆ ఒక్క సైటులోనే వెతికే ఆదేశం) ఎలా వాడాలో చూశాం. ఈసారి అవే వెతుకులాటలను బ్రౌజర్‌కు నేర్పుదాం. అడ్రస్ బార్‌లో రెండు అక్షరాలు కొట్టి, ట్యాబ్ నొక్కి, మాట రాసి ఎంటర్ కొడితే ఫలితాలు వచ్చేయాలి.

భీమవరం చుట్టుపక్కల అనువాదం చేసేవాళ్లకు తరచూ తగిలే ఫైలే తీసుకుందాం: వనామీ రొయ్యల చెరువు యాజమాన్యం మీద రైతుల కోసం ఇంగ్లీషులో రాసిన కరపత్రం. మొదటి పేజీలోనే డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ (నీటిలో కరిగిన ప్రాణవాయువు), సాలినిటీ (నీటిలో ఉప్పు శాతం), మోల్టింగ్ (రొయ్య పాత పెంకు వదలడం), చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) వరసగా వస్తాయి. ఒక్కో మాటకూ మూడు చోట్ల చూడాలి: నిఘంటువులో ఏముంది, శాస్త్రవేత్తలు తెలుగులో ఏం రాస్తున్నారు, చెరువు గట్టు మీద రైతు ఏమంటున్నాడు. ప్రతిసారీ సైటు తెరిచి, సెర్చ్ బాక్స్ ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే రెండో చోటికే ఓపిక అయిపోతుంది. మొదట దొరికిన మాటే పెట్టేస్తాం. దాన్ని చదివి చెరువులో మందు వేసేది ఉండి ఊరి రైతో, ఆకివీడు రైతో. మూడో చోటు కూడా చూసే ఓపిక మిగలాలి. అందుకే ఈ పాఠం.

ముందు అచ్చు తయారు చేయాలి, అంటే వెతికే మాట చోటు ఖాళీగా ఉంచిన సెర్చ్ అడ్రస్. తెలుగు వికీపీడియా తెరిచి, సెర్చ్ బాక్స్‌లో ఏ భాషలోనూ లేని మాట ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. క్యూ, జెడ్, క్యూ, జెడ్ అని నాలుగు అక్షరాలు చాలు. ఫలితాలేవీ రావు, రావాల్సిన పని కూడా లేదు. అడ్రస్ బార్ చూడండి. పొడుగాటి అడ్రస్‌లో ఎక్కడో ఆ నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. అడ్రస్ మొత్తం కాపీ చేసి, ఆ నాలుగు అక్షరాల స్థానంలో శాతం గుర్తు, దాన్ని ఆనుకుని చిన్న ఎస్ పెట్టండి. ఇక అక్కడ మీరు ఏ మాట ఇస్తే ఆ మాట వచ్చి కూర్చుంటుంది.

తెలుగు మాటతో ఎందుకు చేయకూడదంటే, అడ్రస్‌లోకి వెళ్లగానే తెలుగు గుర్తులు ఒక్కోటీ మూడు బైట్లుగా విడిపోయి, శాతం గుర్తులతో కలిపి తొమ్మిదేసి అక్షరాలవుతాయి. 'రొయ్య'లో కంప్యూటర్ లెక్కన ఐదు గుర్తులున్నాయి, అంటే నలభై ఐదు అక్షరాలు. ఆ గుంపులో మాట ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు.

తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ విభాగానికి వెళ్లి, సైట్ సెర్చ్ దగ్గర యాడ్ నొక్కండి. పేరు, షార్ట్‌కట్, అడ్రస్ అని మూడు గళ్లు వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే అచ్చును బుక్‌మార్క్‌గా దాచి, దాని కీవర్డ్ గడిలో షార్ట్‌కట్ రాస్తే సరిపోతుంది; వాడేటప్పుడు ట్యాబ్ బదులు స్పేస్ కొట్టాలి. కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడు ఇంగ్లీషు షార్ట్‌కట్ పనిచేయదు కాబట్టి, అదే అచ్చును తెలుగు అక్షరాల షార్ట్‌కట్‌తో ఇంకోసారి చేర్చుకోండి.

కొన్ని సైట్లలో వెతికిన మాట అడ్రస్‌లో కనిపించదు. వాటికి అచ్చు తీయలేం. అప్పుడు గూగుల్ అచ్చే తీసుకుని, శాతం గుర్తుకు ముందు సైట్ ఆపరేటర్‌తో ఆ సైటు పేరు ఇరికించండి. కోలన్ తర్వాత ఖాళీ వదలకూడదు, సైటు పేరు తర్వాత మాత్రం ప్లస్ గుర్తు పెట్టాలి. పత్రికల వ్యవసాయ పేజీలకు నేను ఈ పద్ధతే వాడతాను. రైతు నోటి మాట ఎక్కువగా దొరికేది అక్కడే.

ఏ సైట్లు పెట్టుకోవాలన్నది మీ పనిని బట్టి ఉంటుంది. వరి మీద పనిచేసేవాళ్లు ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సైటుకు అచ్చు తీసి పెట్టుకోవాలి. స్వర్ణ వరి రకాన్ని, అంటే ఎంటీయూ 7029ను ఇచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రం దాని కిందిదే. కొబ్బరి అయితే ఉద్యాన విశ్వవిద్యాలయం, దాని కింద అంబాజీపేట కేంద్రం. ఎవరో ఇచ్చిన ముప్పై షార్ట్‌కట్ల కన్నా, మీరు ఏరుకున్న నాలుగు మేలు.

ఇక ఫలితాలు చదవడం. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఏమీ రాకపోతే ఆ మాట వాడుకలో లేదని అనుకోవద్దు. తెలుగు కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి 'అను' అనే డీటీపీ ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. అవి యూనికోడ్ కావు, అంటే ఇంటర్నెట్‌లో తెలుగు అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాల్లో లేవు. పీడీఎఫ్ తెరిస్తే మాట కంటికి కనబడుతుంది గానీ సెర్చ్‌కు దొరకదు. అలాంటి పీడీఎఫ్‌లు విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని తెరిచి చదువుకోవాల్సిందే. రెండోది, విభక్తులు. కోట్ గుర్తుల మధ్య 'చెరువు' అని ఇస్తే చెరువులో, చెరువుకు, చెరువుల్లో ఉన్న పేజీలు జారిపోవచ్చు. అందుకని అచ్చులో కోట్ గుర్తులు పెట్టకండి, కావాలంటే అప్పటికప్పుడు చేత్తో కొట్టండి. మూడోది, వర్ణక్రమం. చెరువు నీటికి గాలి అందించే యంత్రాన్ని ఏరేటర్ అని ఒకరు, ఎయిరేటర్ అని ఒకరు రాస్తారు. రెండూ వెతకాలి.

ఫలితాల సంఖ్య చూసి మాట ఎంచకండి, అది నమ్మదగ్గది కాదు. మొదటి ఐదు పేజీలు తెరిచి ఎవరు, ఎవరి కోసం రాశారో చూడండి. సాలినిటీకి లవణీయత పుస్తకాల్లో దొరుకుతుంది, ఉప్పదనం మామూలు మాటల్లో దొరుకుతుంది. రైతుల కరపత్రమైతే నేను ఉప్పదనం వైపే మొగ్గుతాను, మొదటిసారి వచ్చినచోట పక్కన సాలినిటీ అని కూడా రాస్తాను, ఎందుకంటే నీటి పరీక్ష కాగితం మీద రైతుకు కనిపించేది ఆ మాటే.

వచ్చే భాగం లోపల మూడు అచ్చులు తయారు చేసుకోండి: ఒక నిఘంటువు, ఒక పరిశోధన సంస్థ, ఒక పత్రిక. మోల్టింగ్, చెక్ ట్రే అనే మాటలను మూడింటిలోనూ వెతికి, దొరికిన వాక్యాలను మాటలుగా కాక పూర్తి వాక్యాలుగానే రాసి పెట్టుకోండి. నాలుగో భాగంలో ఇంటెల్లివెబ్‌సెర్చ్ అనే, అనువాదకుల వెతుకులాట సాఫ్ట్‌వేర్ మొదలుపెడతాం. వర్డ్‌లో మాటను సెలెక్ట్ చేసి మీట నొక్కితే, ఈ అచ్చుల్లోకి అదే వెళ్లేట్టు చేద్దాం.