వరదలో మీ ఇల్లు మిగిలిందా? మొక్కు ఇలా తీర్చుకోండి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. మాది పై వాటా. కింది వాటా వాళ్ల ఫ్రిజ్ గదిలో తేలుతుంటే మా బియ్యం డబ్బా కూడా తడవలేదు. ఆ రాత్రే దుర్గమ్మకు చీర పెడతానని మొక్కుకున్నాను. మీకూ అలాంటి మొక్కుంటే నా పద్ధతి చెబుతాను.

ముందు కింది వాళ్ల ఇంట్లో బురద, తర్వాత గుడి. బురద ఎండితే గచ్చుకు పట్టేస్తుంది. అందుకే నీళ్లు తీయగానే పార, చీపురు, మీ మోటారు పైపు కిందికి దించండి. తడిసిన సర్టిఫికెట్లు అంటుకుపోతే లాగకండి, ఫ్యాను కింద ఆరనివ్వండి. మొక్కు నెల ఆలస్యమైతే అమ్మవారేమీ అనుకోదు.

ఇక మాట. "మా మీద దేవుడి దయ ఉంది" అని పూజగదిలో ఎన్నిసార్లయినా అనుకోండి. మెట్ల దగ్గర మాత్రం వద్దు. కింది వాళ్లకు అది "మీ మీద లేదు" అన్నట్టే ఉంటుంది. వాళ్లే "మీకు దేవుడున్నాడు పిన్నిగారూ" అంటే, "మాది పై వాటా కదమ్మా, నీళ్లు అంత ఎత్తు రాలేదు" అనండి. జరిగిందీ అదే. ఎవరి భక్తి ఎంతో చూసుకుని నీళ్లు రాలేదు. "పూర్వజన్మ సుకృతం" అన్న మాటైతే నోట్లోకే రానివ్వకండి.

సత్యనారాయణ వ్రతం దగ్గర ఇంకా జాగ్రత్త. కథలో కళావతి ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తితే భర్త పడవ మునుగుతుంది. మామూలు రోజుల్లో తలూపుతూ వినే కథే. ఇల్లు మునిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టి వినిపిస్తే, తనేం తప్పు చేసిందా అని లోపల లెక్కలు వేసుకుంటుంది. ఆ ఏడాదికి వ్రతం ఇంటివాళ్ల వరకే చేసుకుని, రవ్వ ప్రసాదం గిన్నెలో పెట్టి పంపండి. ఎందుకు చేశారో చెప్పక్కర్లేదు.

చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లకూ ఇదే మాట. "నీళ్లు మా గడప దగ్గరే ఆగాయి" అనేముందు వెనక వరసలో ఎవరున్నారో చూసుకోండి.

డబ్బు సంగతి. ప్రభుత్వం కింది ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల పరిహారం ప్రకటించింది. మా ఇంట్లో ఒకరు పది వేలూ హుండీలో వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. చీర మన సొంత డబ్బుతో కొనాలి, పరిహారం కింది వాళ్ల ఫ్రిజ్‌కి పోవాలి. "అమ్మవారి పేర ఇస్తున్నా" అనకండి, అలా అంటే వాళ్లు మీకూ అమ్మవారికీ ఇద్దరికీ బాకీ పడ్డట్టవుతుంది. చేబదులని చెప్పి ఇవ్వండి. తిరిగిస్తే తీసుకోండి, ఇవ్వకపోతే అడక్కండి.