మీలోని నేర్పును వృత్తి ప్రణాళికగా మలచుకోవడం ఎలా?

‘బొమ్మలు బాగా వేస్తాను’, ‘బాగా మాట్లాడతాను’ వంటి మాటలతో ఏ ప్రణాళికా ముందుకు సాగదు. అవి నిజమే కావచ్చు, కానీ ఏ పనికి పనికొస్తారో వాటిలో కనిపించదు. అందుకే ప్రతిభకు పేరు పెట్టడం పక్కనపెట్టి, చేసిన పనులతో మొదలుపెట్టండి.

1. చేసిన పనులు రాయండి

ఈ రెండు మూడేళ్లలో ఎవరూ బలవంతపెట్టకుండానే మీరు పూర్తిచేసిన పనులు ఓ పది కాగితం మీద పెట్టండి. ఒక్కోదానిలో మీ నేర్పు సరిగ్గా ఎక్కడ పనిచేసిందో పక్కనే విడమరచి రాయండి.

బొమ్మల సంగతే చూడండి. ఒకరు ఊహించుకున్న మనిషిని ఏ వైపు నుంచైనా, ఏ భంగిమలోనైనా పోలిక చెడకుండా గీయగలరు. ఇంకొకరికి మనుషుల బొమ్మలు అంతగా రావు. గుండెలో రక్తం ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుందో మాత్రం నాలుగు గీతల్లో పిల్లలకైనా అర్థమయ్యేలా చూపగలరు. మరొకరి బలమంతా రంగుల పొందికలో ఉంది. లోకం ముగ్గురినీ చిత్రకారులనే అంటుంది. కానీ మొదటివారికి యానిమేషన్‌లో పాత్రల రూపకల్పన, రెండోవారికి వైద్య పుస్తకాలకు బొమ్మలు వేసే పని, మూడోవారికి వస్త్రాల డిజైనింగ్ ఎక్కువగా నప్పుతాయి. ఈ తేడా తేల్చుకోకుండా ఏదో ఒక కోర్సులో చేరిపోతే ఏళ్లూ డబ్బూ రెండూ పోతాయి. ఈ దశలో దయచేసి తొందరపడకండి.

మీ పని దగ్గరగా చూసినవాళ్లను కూడా అడగండి: ‘ఏ పని పడితే నేను గుర్తొస్తాను?’ మనకు సులువుగా వచ్చేది అందరికీ వస్తుందనుకుని లెక్కలోకే తీసుకోం.

2. ఇష్టాన్ని విడిగా చూడండి

నేర్పు ఉన్నచోటల్లా ఇష్టం ఉండాలని లేదు. అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ వృత్తిపరమైన ఆసక్తులను ఆరు రకాలుగా విభజించారు: చేతిపనులు, యంత్రాలు; పరిశోధన; కళ; బోధన, సేవ; నాయకత్వం, వ్యాపారం; లెక్కలు, దస్త్రాల వంటి క్రమబద్ధమైన పని. చాలామందిలో రెండు మూడు కలిసే ఉంటాయి. దీని ఆధారంగా రూపొందిన ప్రశ్నావళిని అమెరికా కార్మిక శాఖ ఉద్యోగాల సమాచారం ఇచ్చే తన ఓనెట్ (O*NET) వెబ్‌సైటులో ఉచితంగా ఉంచింది. అయితే అది ఆసక్తిని చూపుతుందే గానీ సామర్థ్యాన్ని కొలవదు.

3. ఆ పనిలో ఉన్నవారిని కలవండి

‘మీ ఉద్యోగం ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది’ అంటారు. ‘నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు?’ అని అడగండి. ఫొటోలు తీసేవారికి కెమెరా పట్టుకున్న సమయం కన్నా ఫొటోలు ఏరడానికి, సరిదిద్దడానికి, గిరాకీలతో మాట్లాడటానికే ఎక్కువ సమయం పట్టవచ్చు. ఆ మిగతా పని కూడా చేయగలరేమో ఆలోచించుకోండి.

4. చిన్న పని ఒప్పుకోండి

పరిచయం లేనివారి కోసం, గడువు పెట్టుకుని ఒక పని చేసివ్వండి. అభిమానంతో వచ్చే మెప్పు ఇక్కడ దొరకదు, మార్పులు అడుగుతారు. మూడోసారి మార్చమన్నప్పుడు కూడా ఆ పని మీద ఆసక్తి నిలిచిందా? పరీక్ష మార్కుల కన్నా ఇదే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. పూర్తయిన పనిని భద్రపరచండి. రేపు అవకాశం అడిగేటప్పుడు చూపించవచ్చు.

5. తేదీలతో ప్రణాళిక వేయండి

మీరు కోరుకునే ఉద్యోగాల ప్రకటనలు కొన్ని ముందు పెట్టుకుని, అన్నింటిలో పదేపదే అడుగుతున్న అర్హతలు ఏరండి. మీ దగ్గర లేనివాటిలో ఒక్కటే ఎంచుకుని మూడు నెలల గడువు పెట్టండి. ‘ఇంగ్లిష్ మెరుగుపరచుకోవాలి’ అని రాస్తే పని మొదలవదు. ‘వారానికి ఒక పేజీ రాసి, తెలిసినవారితో దిద్దించుకోవాలి’ అని రాయండి. తప్పు చూపేవారు లేకుండా చేసే సాధనలో పాత తప్పే స్థిరపడుతుంది.

ఆదాయం మొదలయ్యేవరకు ఖర్చులు ఎలా గడుస్తాయో కూడా అదే కాగితం మీద ఉండాలి. అందుకు మరో ఉద్యోగం చేయాల్సి వస్తే, వారంలో ఏయే గంటలు ఈ సాధనకు కేటాయిస్తారో అక్కడే రాసి, ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి.