వాన కోటు కొనే ముందు

రంగు నచ్చింది కదా అని వెంటనే బిల్లు వేయించకండి. ముందు లేబుల్ చదవండి. ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే అది చిరుజల్లుకే ఆగుతుంది. పిల్లల్ని బడి నుంచి తెచ్చేటప్పుడు జోరువాన పట్టుకుంటే ‘వాటర్‌ప్రూఫ్’ కోటే కావాలి. గుడ్డ ఎంత నీటి ఒత్తిడిని ఆపగలదో చెప్పే అంకె లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో ఉంటే రోజువారీ వాడకానికి ధైర్యంగా తీసుకోవచ్చు.

తర్వాత కోటు తిరగేసి కుట్లు చూడండి. నేను అన్నిటికంటే ముఖ్యంగా చూసేది ఇదే. గుడ్డ ఎంత మంచిదైనా సూది గుచ్చిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది. వాటిని మూస్తూ లోపల సన్నటి టేపు అతికించి ఉండాలి. భుజాల దగ్గర, టోపీ అతికిన చోట వేలితో తడమండి. అక్కడ టేపు లేకపోతే ముందుగా తడిసేది మెడే.

- లోపల స్వెటర్ ఉండగానే కోటు వేసుకుని చూడండి. చేతులు పైకెత్తండి, వంగి బిడ్డను ఎత్తుకున్నట్టు చేయండి. నడుము బయటపడితే పొడవు చాలదు.
- టోపీ పెట్టుకుని తల పక్కకు తిప్పండి. టోపీ కూడా తిరగాలి, లేకపోతే రోడ్డు దాటేటప్పుడు వచ్చే బండి కనపడదు.
- జిప్పు మీద మడత, జేబుల మీద మూత.
- పిల్లల కోటు టోపీకి తాళ్లు వద్దే వద్దు. జారుడుబల్ల దగ్గర చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటాయి.

ముదురు రంగులు అందంగానే ఉంటాయి, మరక కనపడనివ్వవు. కానీ మసక వెలుతురులో మనిషీ కనపడడు కాబట్టి, మెరిసే పట్టీ ఉన్నది వెతకండి.

ఉతికే పద్ధతి కూడా ముందే చదవండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే నీటిని జార్చే పూత పనిచేయడం మానేస్తుంది.