పెద్దకర్మ అయ్యాక వచ్చే కాగితం: సంతకానికి ముందు జాగ్రత్తలు

మా నాన్న పెద్దకర్మ రోజు భోజనాలు ముగిసి, షామియానా వాళ్లు కుర్చీలు లెక్కపెట్టుకుంటుంటే తమ్ముడు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని వచ్చాడు. "అక్కా, పాసు పుస్తకం నా పేరు మీదికి మార్చాలి. సొసైటీ లోన్ రెన్యువల్ ఉంది. రేపు పొద్దున్నే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేస్తే చాలు, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. లోన్ సంగతి నిజమే, దస్తావేజు రాసే ఆయన చెప్పింది చెప్పాడంతే. కానీ ఫోల్డర్‌లో ఉన్నది హక్కు విడుదల దస్తావేజు. మూడో పేజీలో నేను, చెల్లి, మాతోపాటు అమ్మ కూడా "ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా" మా హక్కులన్నీ వదులుకుంటున్నట్టు రాసి ఉంది. అమ్మ అప్పటికి మూడు రోజులుగా సరిగా అన్నమే తినలేదు.

హిందూ వారసత్వ చట్టం ఆడపిల్లకు వాటా ఇచ్చి చాలా కాలమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమయ్యారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా, పెళ్లయినా కాకపోయినా, అదే హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న వాదనను 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. ఇంత జరిగాక కూడా, నేను చూసినంతలో, వాటా పోయేది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మనమే వేసిన వేలిముద్రతో.

అందుకే చావు జరిగిన ఇంట్లో మొదటి కొన్ని నెలలు ఏ ఆస్తి కాగితం మీదా సంతకం వద్దు. తండ్రి పోయిన రోజే వారసుల హక్కు మొదలవుతుంది, ఇన్ని రోజుల్లో సంతకం పెట్టకపోతే పోతుందనే రూలేమీ లేదు. పాసు పుస్తకం మారకపోతే పెట్టుబడి సాయం ఆగిపోతుందని టెన్షన్ పెడతారు. ఆగితే ఆగనివ్వండి. గొడవ పడకుండా చెప్పడానికి ఒక మాట ఉంది: "సంవత్సరీకం అయ్యాక అందరం కూర్చుని మాట్లాడుకుందాం." ఆచారం పేరు చెప్పి తొందరపెట్టే పెద్దమనుషులు ఆ ఆచారాన్ని కాదనలేరు. మరీ తప్పదంటే వారసులందరి పేర్లూ కలిపి రికార్డులో ఎక్కించమని అడగండి. రెవెన్యూ రికార్డులో ఒక్కడి పేరే ఉన్నంత మాత్రాన భూమి మొత్తం ఆ ఒక్కడిదైపోదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి గానీ, తర్వాత దాన్ని సరిచేయించడం అంత తేలిక కాదు.

ఈ వ్యవధిలో చేయాల్సిన పని కాగితాలు పోగుచేయడం. మరణ ధ్రువీకరణ పత్రం నాలుగైదు కాపీలు తీసుకోండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పెళ్లయిన కూతుళ్ల పేర్లు ఉన్నాయో లేదో స్వయంగా చూడండి, "అత్తారింటికి వెళ్లింది కదా" అని వదిలేస్తుంటారు. టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటే రెండూ ఒకరేనని ముందే రుజువు సిద్ధం చేసుకోవాలి. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) తీయండి, పాత పహాణీలు లేదా అడంగల్ (గ్రామ భూమి రికార్డు) నకళ్లు తీయండి. ఏ సర్వే నంబరు ఎవరి దగ్గర్నుంచి ఎప్పుడు వచ్చిందో ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క కాగితం కోసం నేను మూడుసార్లు ఊరికి వెళ్లాల్సి వచ్చింది, అయినా అదే ఎక్కువ పనికొచ్చింది.

ఎందుకంటే భూమి ఎలా వచ్చిందన్న దాన్నిబట్టి లెక్క మారిపోతుంది. ఎనిమిదెకరాలు, తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు అనుకోండి. తండ్రి వీలునామా రాయకుండా పోయారు. భూమి ఆయన స్వార్జితమైతే నలుగురికీ తలా రెండెకరాలు, తల్లికీ అంతే. అదే ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే ముందు తండ్రి, ముగ్గురు పిల్లలు తలా రెండెకరాలకు హక్కుదారులు. తర్వాత తండ్రి రెండెకరాలు మిగిలిన నలుగురికీ అరెకరం చొప్పున వస్తాయి. పిల్లలకు రెండున్నర, తల్లికి అరెకరం. అరెకరం అంటే మా పుట్టింటి లెక్కలో ఇరవై గుంటలు, అత్తింటి లెక్కలో యాభై సెంట్లు. ఇంకో మెలిక కూడా ఉంది. తాత నుంచి వచ్చిన ప్రతిదీ పిత్రార్జితం కాదు. హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 తర్వాత తాత పోయి, ఆయన స్వార్జితం నాన్నకు వారసత్వంగా వస్తే అది నాన్న సొంత ఆస్తి కిందే లెక్క. మన ఇళ్లలో "తాతలనాటిది" అనే ఒక్క మాటతో అన్నీ కలిపేస్తారు.

ఇక దస్తావేజు చదవడం. పైన శీర్షిక చూడండి: భాగ పరిష్కారమా (అంటే పంపకం), హక్కు విడుదలా, దాన పత్రమా? మొదటిదానిలో మీకు ఏదో ఒకటి మిగులుతుంది, తక్కిన రెండింట్లో మీ చేతిలోది వెళ్లిపోతుంది. "ప్రతిఫలం ముట్టినది" అన్న చోట ఎంత రాశారో చూడండి. మీకు రూపాయి అందకుండానే లక్షలు అందినట్టు ఒప్పుకుంటూ ఉండొచ్చు.

అన్నిటికంటే ప్రమాదం పాత తేదీ వేసిన తెల్లకాగితం. "2001లోనే నోటిమాటగా పంచుకున్నాం, దానికి గుర్తుగా రాసుకుందాం" అంటారు. కారణం ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన లేదా కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను 2005 సవరణ కదిలించదు. నోటిమాట పంపకాన్ని మాత్రం కోర్టు అంత సులువుగా ఒప్పుకోదు, ప్రభుత్వ రికార్డులు దానికి బలంగా ఉండాలి. మీరు ఆ కాగితం మీద సంతకం పెడితే లేని సాక్ష్యాన్ని మీ చేత్తోనే తయారుచేసి ఇచ్చినట్టు.

"కట్నం ఇచ్చాం కదా, ఇంకేం వాటా" అన్నది ఇంకోటి. కట్నం తీసుకుంటే వాటా పోతుందని ఏ చట్టంలోనూ లేదు. దీనికి తిరగేసినట్టు ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చామని నోటితో అని, కౌలు పంపుతూ ఉంటారు. స్థిరాస్తి దానానికి రిజిస్టర్ చేసిన దస్తావేజు, ఇద్దరు సాక్షులు కావాలి. నాన్న ఉండగానే అది రాయించుకోండి. ఆయన పోయాక అన్నదమ్ముల మంచితనం మీద ఆధారపడాల్సి వస్తుంది. ఇక్కడో మాట చెప్పాలనిపిస్తోంది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లోనే రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లటం అల్లుడికి కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చే ఆచారాన్ని కోర్టులు ఒప్పుకున్నాయి. అల్లుడికి ఇవ్వగలిగిన ఆచారానికి సొంత కూతురు మాత్రం కనిపించలేదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న ఆడపిల్లలకు మెయిల్‌లో జీపీఏ (మీ తరఫున అన్ని పనులూ చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే జనరల్ పవర్ పత్రం) వస్తుంది. "కాన్సులేట్‌కు వెళ్లి సంతకం పెట్టి పంపు చాలు." జనరల్ పవర్ ఇవ్వకండి. ఏ సర్వే నంబరు, ఏ పని అన్నది రాసిన స్పెషల్ పవర్ మాత్రమే ఇవ్వండి. అమ్మడానికి, విడుదల చేయడానికి అధికారం లేదని అందులోనే రాయించండి.

అమ్మ విషయం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అందరూ దాటేసేది అక్కడే. కూతుళ్లయినా అడుగుతారు, తల్లి అడగదు. దస్తావేజులో "జీవితకాలం అనుభవించి, తదనంతరం కుమారునికి చెందవలెను" అన్న వాక్యం ఆమె పేరు పక్కన కనిపిస్తే తీయించండి. అలాంటి షరతు మీదే తులసమ్మ అనే తెలుగు వితంతువు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మనోవర్తి కింద, అనుభవించే హక్కు మాత్రమే ఉండేలా రాజీలో ఆమెకు ఇచ్చిన ఆస్తి పూర్తిగా ఆమెదేనని 1977లో కోర్టు చెప్పింది. గెలిచింది గానీ, ఒక వాక్యం కోసం అంత దూరం నడవాల్సి వచ్చింది. అమ్మే ఇష్టపడి కొడుక్కి రాసిస్తానంటే, ఆమె పోషణ బాధ్యత అతనిదన్న షరతు దాన పత్రంలో ఉండాలి. అది రాసి ఉంటే, అతను చూడకపోయినప్పుడు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దానాన్ని రద్దు చేయించుకునే దారి ఉంటుంది.

వీలునామా ఉందని ఎవరైనా చెబితే కాపీ అడగండి. రిజిస్టర్ అయిందంటే తండ్రి మరణ పత్రం చూపించి మీరే నకలు తీసుకోవచ్చు. స్వార్జితాన్ని ఎవరికైనా రాసే హక్కు ఆయనకుంది, ఉమ్మడి ఆస్తిలో మాత్రం ఆయన వాటా వరకే. సాక్షులిద్దరు ఎవరో చూడండి.

ఇదంతా హిందూ వారసత్వ చట్టం మాట. క్రైస్తవ కుటుంబాల్లో 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు ఆడామగా తేడా లేకుండా సమానం. ముస్లిం కూతురికి సోదరుడి వాటాలో సగం వస్తుంది. ఆ సగం కూడా "వదిలేశాను" అనిపించుకునే సంతకాలు అక్కడా ఉన్నాయి. గిరిజన కుటుంబాలకు 1956 చట్టం నేరుగా వర్తించదు, ఆచారం చూస్తారు. ఏజెన్సీ ఆడబిడ్డలు లాయర్‌ను అడగకుండా ఏ కాగితమూ ముట్టుకోవద్దు.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? మోసం చేసి పెట్టించుకుంటే, అది తెలిసిన నాటి నుంచి మూడేళ్లలో రద్దు కోసం దావా వేయాలి. ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని పక్కన పెట్టారని తెలిసిన రోజు నుంచి వాటా కోసం దావాకు పన్నెండేళ్ల గడువు ఉంటుంది. లాయర్ ఖర్చుకు భయపడొద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

వాటా వదులుకోవడం తప్పని నేను అనను. మా చెల్లి సగం తమ్ముడికే ఇచ్చింది, అది దాని ఇష్టం. ఎంత ఉందో, ఎంత ఇస్తోందో తెలిసి ఇచ్చింది. మా ఇంట్లో ఆ ఫోల్డర్ ఎనిమిది నెలలు బీరువాలోనే ఉంది. తమ్ముడు కొన్నాళ్లు మాట్లాడలేదు. ఎండాకాలంలో కూర్చుని భాగ పరిష్కారం రాయించుకున్నాం. లెక్క ప్రకారం అమ్మకు వచ్చేది అరెకరమే, మేం ముగ్గురం కలిసి దాన్ని ఎకరం చేసి, బోరు ఉన్న ముక్కలో ఇచ్చాం. తమ్ముడే దాన్ని కౌలుకు చేస్తున్నాడు. డబ్బు నేరుగా అమ్మ ఖాతాలో పడుతుంది. ఎంత పడిందో మా ముగ్గురిలో ఎవరికీ చెప్పదు.