గ్వాంగ్‌డాంగ్ బాలింతల అల్లం–వెనిగర్ పులుసు
దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో బాలింతలకు పెట్టే ఈ వంటకానికి ముందుగా ముదురు అల్లం చెక్కు తీసి, చితక్కొట్టి, నూనె లేని మూకుడులో తడి ఆరేదాకా వేయించాలి. పులుపు లోహాన్ని తినేస్తుంది కనుక మట్టికుండలోనే తీపి నల్ల వెనిగర్ పోసి, అల్లం వేసి, సన్నని సెగపై మరిగించి, ఒక ఉడుకు ఉడికించి కడిగిన పంది కాళ్ల ముక్కలను చేర్చి, అవి మెత్తబడేదాకా ఉంచాలి. ఉడికించి ఒలిచిన కోడిగుడ్లను చివరలో వేసి రాత్రంతా నాననిస్తే తెల్లసొన గోధుమరంగుకు తిరుగుతుంది. నన్నడిగితే అసలు రుచి ఆ గుడ్లదే. ప్రసవ సమయంలో ఒంట్లో చేరిన ‘గాలి’ని అల్లం వెళ్లగొడుతుందనీ, వెనిగర్ ఎముకల్లోని కాల్షియాన్ని పులుసులోకి దింపి తల్లికి అందిస్తుందనీ అక్కడివారి నమ్మకం. అయితే దీన్ని మందుగా కాక ఆహారంగానే చూడాలి. శస్త్రచికిత్సతో కాన్పయినవారు వైద్యుణ్ణి అడిగాకే తినడం మంచిది. బిడ్డ పుట్టిన సంతోషంలో బంధువులకూ దీన్ని పంచుతారు గనుక కుండ పెద్దదే ఎంచుకోవాలి.